ఇసుక కమాను కింద మా నాయన బావి

సోలారు పార్కు వాళ్ల మ్యాపులో మా బావి లేదు. దాన్ని పూడ్చింది ఇద్దరం, మా నాయన, నేను. నాయన పోయి నాలుగేళ్లయింది. అది ఎక్కడ ఉండేదో, దేనితో పూడ్చామో, పూడ్చాక దాని కడుపులో ఏం జరిగిందో చెప్పగలవాణ్ణి ఇక నేనొక్కణ్ణే. రాయచెర్లు, బలసముద్రం చేలల్లో ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో నాకు తెలియదు. పూడ్చినవాళ్లకు తెలుసు. వాళ్లలో కొందరు మరిచిపోయారు, కొందరు చెప్పడానికి జంకుతున్నారు. నేనూ జంకినవాణ్ణే. ఇది చదివి ఒక్కరికైనా "మేమూ ఇట్లే పూడ్చినాం గదా" అని గుర్తొచ్చి, లేచి వెళ్లి ఎవరికో ఒకరికి చెబితే, నేను రాసినందుకు ఫలితం దక్కినట్టే.

ముందు నా చదువు సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది నమ్మరు. బడిలో చదివింది పదో తరగతి, అదీ కన్నడంలో. తెలుగు అక్షరాలు సరిహద్దు అవతల పెద్దమ్మ ఇంట్లో పాత వారపత్రికలు ముందేసుకుని నేర్చుకున్నాను. మిగతాదంతా పావగడ లైబ్రరీలో. వారానికి రెండు రోజులు గొర్రెలను అన్న మందలో కలిపేసి షేర్ ఆటో ఎక్కేవాణ్ణి. కన్నడ పుస్తకాలు అయిపోయాక, వెనక గదిలో బీరువా ఒకటి కనిపించింది. ఎవరో రిటైరైన ఇంజినీరు తన ఇంగ్లీషు పుస్తకాలన్నీ లైబ్రరీకి ఇచ్చేసి పోయాడట. వాటిని తెరిచినవాడు లేడు. నేను డిక్షనరీ పక్కన పెట్టుకుని రోజుకు ఒక పేజీ లెక్కన తెరిచాను. ఈ మాట గొప్పకు చెబుతున్నానని అనుకుంటే అనుకోండి, కొంచెం గొప్పకే చెబుతున్నాను.

అందులో ఒక పుస్తకం ఇసుక గురించి. ఇసుకంటే ఇసుక ఒక్కటే కాదు. శెనక్కాయలు, రాగులు, కంకర, గింజలు గింజలుగా ఉండేవి ఏవైనా. వీటిని నీళ్లలా లెక్క కట్టలేరు, ఎందుకంటే కుప్పగా నిలబడతాయి. రాయిలా లెక్క కట్టలేరు, ఎందుకంటే చేటలోంచి కారిపోతాయి. అందుకని ఒక్కొక్క గింజనూ విడిగా పట్టుకుని లెక్క కట్టాలంటుంది ఆ పుస్తకం. గింజను గుండ్రటి బిళ్ల అనుకోవాలి. రెండు బిళ్లలు తగిలి ఒకదానిలోకి ఒకటి కాస్త దిగినట్టు లెక్కలో వస్తే, ఆ దిగినంత మేరకు స్ప్రింగులా వెనక్కి తోసుకుంటాయి. పక్కకు జారబోతే రాపిడి పట్టుకుంటుంది. పట్టు మించితే జారతాయి. ఒక్కో గింజ మీద పడిన తోపులన్నీ కూడి, గింజను వెంట్రుకవాసి కదిలించి, మళ్లీ ఎవరు ఎవరికి తగులుతున్నారో మొదటి నుంచి చూడాలి. అంతే. ఒక్క సెకను గడవాలంటే ఈ పని లక్షసార్లు చెయ్యాలి.

మొదట గ్రాఫు కాగితం మీద మూడు బిళ్లలతో చేశాను. ఆ మూడు గింజలు కిందపడి ఆగడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. తరువాత లైబ్రరీలోకి కంప్యూటర్లు వచ్చాయి. లైబ్రరీ మేడం దగ్గర అనుమతి తీసుకుని, ప్రోగ్రాం రాయడం ఇంకో పుస్తకంలో చూసి నేర్చుకుని, మూడు వందల గింజలు పోశాను. మొదటిసారి అవన్నీ పేలాల్లా ఎగిరి తెర దాటిపోయాయి. ఒక్కో విడతలో గింజను మరీ దూరం జరిపానని నెల తరువాత గాని తెలియలేదు. సరిచేశాక శెనక్కాయలు ఒలిచే మిషను డబ్బాలో కాయలు పోసినట్టు పోసి చూశాను. నిజం మిషనులో కాయలు అప్పుడప్పుడూ నోటి దగ్గర బిగుసుకుపోతాయి గదా, కట్టెతో పొడిస్తే గాని దిగవు. తెర మీద కూడా అలాగే బిగుసుకున్నాయి. పది పన్నెండు గింజలు భుజం భుజం కలిపి కమాను కట్టాయి. పైన ఎంత బరువు పోసినా ఆ కమాను పక్క గోడలకు చేరవేస్తుంది. కింద ఖాళీ. ఆ రోజు నాకు పట్టపగ్గాల్లేవు. ఆటోలో పక్కనున్నవాళ్లకు కూడా చెప్పాను.

ఊళ్లో నాకు లైబ్రరీ సామి అని పేరు పడటానికి మాత్రం ఇది కారణం కాదు. అంతకు ముందు ఒక వానాకాలం, మా గుట్ట మీది పెద్ద గుండురాయి వానకు రాపిడి తగ్గి దొర్లుతుందని నేను లెక్క కట్టి చెబితే, కింద దొడ్లు వేసుకున్న నాలుగిళ్లవాళ్లు గొర్రెలను తోలుకుని నెలరోజులు చేలల్లో తడిశారు. గుండు ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇక బావి. మా పెద్ద బావి ఎండిపోయిన కరువులో మా నాయన చేను మధ్యలో ఇంకో బావి తవ్వాడు. ఏడడుగుల వెడల్పు, లోతు మాత్రం నలభై అడుగులు దాటింది. గట్టు కట్టలేదు, రాతి కట్టడం లేదు. నేలలో బెజ్జం పెట్టినట్టు ఉండేది. రెండేళ్లు నీళ్లిచ్చి అదీ ఎండింది. తరువాత సోలారు వచ్చింది. చేను లీజుకు ఇచ్చాం. ఇంకా సంతకాల తడి ఆరకముందే రోలరు రేపు వస్తుంది, గుంతలేవైనా ఉంటే ఈ పూటే పూడ్చుకోండి అని కబురొచ్చింది. నలభై అడుగుల బావికి మట్టి ఒక్క పూటలో ఎక్కడి నుంచి తెస్తాం? అందరూ చేసిందే మేమూ చేశాం. చేను చదును చేసేటప్పుడు కొట్టిన ముళ్లకంప, ఆముదం కట్టె, కంది కట్టె ఎక్కడివక్కడ గుట్టలుగా పడి ఉన్నాయి. అదంతా బావిలోకి తోశాం. నాయన పైనుంచి తొక్కాడు. పైన ఏడెనిమిది అడుగులు మిగిలింది. దానిలోకి వాగు వంకలోంచి ట్రాక్టరుతో తెచ్చిన ఇసుక, గరుకు మొరుసు పోశాం. తెల్లారి రోలరు దాని మీదుగా వెళ్లింది. నేల వేలెడు కూడా దిగలేదు. "గట్టిగా కూచుంది," అన్నాడు నాయన.

ఎనిమిదేళ్ల తరువాత, లైబ్రరీలో ఒక మధ్యాహ్నం, మిషను డబ్బా బొమ్మను పొడుగ్గా సాగదీస్తుంటే అది బావిలా కనిపించింది. ఏమీ తోచక, సరే చూద్దామని, అడుగున మెత్తటి పెద్ద గింజలు నింపాను, కంప అనుకుని. పైన ఇసుక గింజలు పోశాను. తరువాత కంప గింజలను ఒక్కొక్కటే కొంచెం కొంచెం చిన్నవి చేస్తూ పోయాను, చెదలు తిన్నట్టు. కంప కిందికి కుంగింది. ఇసుక దిగలేదు. కమాను కట్టి అక్కడే నిలబడింది. కింద ఖాళీ పెరుగుతూ పోయింది. గింజల మధ్య తడి పట్టు కలిపాను, చెమ్మ ఇసుక ముద్దకట్టినట్టు. ఇంకా గట్టిగా నిలబడింది. అప్పుడు ఆ పట్టు తీసేశాను, నీళ్లు మరీ ఎక్కువై ముద్ద విడిపోయినట్టు.

రెప్పపాటులో అంతా పోయింది.

నేను మళ్లీ నడిపాను. మళ్లీ పోయింది. రాపిడి పెంచి నడిపాను, కాస్త ఆలస్యంగా పోయింది. మేడం వెనక నుంచి చూసి, "ఏనప్పా, గేమా ఇది?" అంది. నా లెక్కలో బిళ్లలు గుండ్రంగా ఉన్నాయి, నిజం ఇసుకకు కోణాలుంటాయి. నా బావి కాగితం మీద గీసినట్టు బల్లపరుపుది, నిజం బావి గుండ్రటిది. గింజలు మూడు వేలకు మించి ఆ కంప్యూటరు మోయలేదు. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్నాను. ఆటోలో ఇంటికొచ్చేదాకా చెప్పుకున్నాను.

మా ఇంటామె ఆ పార్కులో ప్యానెళ్లు కడిగే పనికి పోతుంది. ఎనిమిది మంది ఆడవాళ్ల గుంపుకు ఆమే మేస్త్రి. ఆ సాయంత్రం సంగటి పెడుతూ తనంతట తనే ఆ మాట తెచ్చింది.

"ఈ వారమంతా మన చేనుకాడే పని. ఆడ ఒక వాల్వు కారతా ఉండాది. పక్క వరసల్లో చెంబెడు నీళ్లు పడితే బురదై కాళ్లు జారతాయి. ఈడ నాలుగు దినాలుగా కారినా మడుగు లేదు. నేల తాగేస్తాది. మా ముసిలామె అంటాది, ఈ చేను ఎన్నేండ్ల దప్పికతో ఉండాదో అని."

నా చేతిలో ముద్ద కంచంలో పడింది. "నాయన బావి ఆడే," అన్నాను.

"పూడ్చినారు గదా నువ్వూ మామా."

"కంపతో పూడ్చినాం. ఎనిమిదేండ్లకు ఆ కంప ఉంటాదా? ఇసుక పైన ఊరికే పట్టుకుని నిలబడి ఉంటాది. తడి మించితే విడిచేస్తాది. ఇయ్యాల కంప్యూటర్లో చూసినా."

ఆమె నన్ను చూసిన చూపు నాకు తెలుసు. "దాని మీద రోలరు తిరిగింది. నీళ్ల ట్రాక్టరు తిరుగుతాది. ట్రాక్టరును మోసిన నేల నన్ను మోయదా?"

"ఎండినప్పుడు మోసింది వేరే."

"గుండు దొర్లుతాదని చెప్పినావు గదా. ఆ గుండు యాడుండాది ఇప్పుడు?"

నేను కంచం పక్కకు జరిపాను.

"ఎనిమిది మంది నా మాట మీద పని చేస్తారు. పొద్దున్నే పోయి, మా ఆయన తెర మీద చుక్కలు చూసి భయపడినాడు, ఆ వరసకు పోవద్దండి అని చెప్పాల్నా? సూపర్వైజరు నవ్వితే పడతా. ఆడోళ్లు నవ్వితే ఇంక మేస్త్రీతనం యాడిది?" అని, కాసేపటికి మెత్తబడి, "తిను. నువ్వు పుస్తకం ఎక్కువ చదివినావు ఇయ్యాల," అంది.

తెల్లవారుజామునే ఆమె గుంపుతో వెళ్లిపోయింది. ఎండెక్కితే ప్యానెళ్లు కాలతాయి గనక కడిగే పని పొద్దున్నే. నేను దొడ్డి ముందు నిలబడ్డాను. వెళితే నలుగురిలో ఆమె పరువు తీసినవాణ్ణవుతాను. గుండు కథ ఇంకో పదేళ్లు నడుస్తుంది. వెళ్లకపోతే? ఒక గంట అలా నిలబడి ఉంటాను. ఆ గంట నన్ను ఇప్పటికీ విడిచిపెట్టలేదు. ఆఖరికి నన్ను కదిలించింది ధైర్యం కాదు. నీళ్లు ఎక్కడికి పోతున్నాయి అన్న ఒక్క ప్రశ్నకు నాకు జవాబు దొరకలేదు. నిండిన నేలయితే నాలుగు రోజుల్లో మడుగు కట్టి తీరాలి. బండి తీశాను.

గేటు దగ్గర కాపలా మా బామ్మర్ది. నన్ను చూసి, "ఏం బావా, కార్డు లేకుండా లోపలికి యాడికి? ఈడ పుస్తకాలియ్యరు," అన్నాడు.

"మీ అక్క మా నాయన బావి మీద నిలబడి పని చేస్తా ఉండాదిరా."

వాడి మొహంలో నవ్వు మెల్లగా పోయింది. ఇంకేమీ అడగలేదు. తన టోపీ తీసి నా నెత్తిన పెట్టి, "నడువు. ఎవురన్నా అడిగితే నేను పంపినానని చెప్పు," అన్నాడు.

లోపల నా చేను నాకు దొరకలేదు. ముప్పై ఏళ్లు దున్నిన నేల. గట్లు లేవు, చెట్లు లేవు. ఎటు చూసినా ఒకటే ఎత్తు, ఒకటే వాలు, ఒకటే నీలం. వరసల నడుమ నిలబడితే ఆకాశం తప్ప ఏమీ కనబడదు. కారే వాల్వు ఉన్న వరస ఏదో నీళ్ల ట్రాక్టరు డ్రైవరు చూపించాడు. ఆ వరస పొడవు మూడు వందల అడుగులు ఉంటుంది. అందులో బావి ఎక్కడ?

మా నాయన గురుతు ఒకటి ఉంది. మా వైపు గొర్రెలు కాసేవాళ్లంతా చోటును గుట్టలతోనే గుర్తు పెట్టుకుంటారు. ముందున్న రాయి, వెనకున్న రాయి ఒకదాని మీదికి ఒకటి వచ్చే చోటు అని. చీకటి విడవకముందే నీళ్లు తోడటానికి వెళ్లేవాడు నాయన. బావికి గట్టు లేదు గదా. "నిడుగల్లు కోట బురుజు ఇవతలి పొడుగు గుండు ఎనక దాక్కుందంటే బావి వచ్చినట్టు" అని నాకు చిన్నప్పుడే చెప్పాడు. ఆ కోట గుట్ట కనబడాలంటే ప్యానెళ్ల పైకి ఎక్కాలి. ట్రాక్టరు మీది వెదురు నిచ్చెన, గడ్డపార తీసుకున్నాను. వరస మొదట్లో కమ్మీకి నిచ్చెన ఆనించి ఎక్కి చూశాను. గుండుకూ బురుజుకూ మధ్య నాలుగు వేళ్ల సందు. దిగి ముప్పై అడుగులు నడిచి మళ్లీ ఎక్కాను. మూడు వేళ్లు. మళ్లీ నడిచాను. రెండు. నాలుగోసారి ఎక్కితే ఒక్క వేలే. మరో ముప్పై అడుగులు నడిస్తే రెండూ ఒకటవుతాయి.

ఆ ముప్పై అడుగుల అవతల, నిచ్చెన మీద నుంచి చూస్తే, పొడుగు కర్రకు కట్టిన తుడుపు గుడ్డ పట్టుకుని నా వైపు తిరిగి మా ఆమె నిలబడి ఉంది. ఆమె వెనక గుంపు. పక్కన కారుతున్న వాల్వు.

"ఇట్లా రా! కర్ర ఆడ పడేసి నా కాడికి రా!" అని అరిచాను.

"వచ్చినాడమ్మా లైబ్రరీ సామి!" ఎవరో అన్నారు. "అక్కా, గుండు దొర్లిందేమో చూడు!" అందరూ నవ్వారు. ఆమె ఒక్కతే నవ్వలేదు. కర్ర నేలకు ఆనించి నిలబడింది.

"పనికాడికి వచ్చి మానం తీస్తావా? ఇంటికి పో."

"నీకు దండం పెడతా. ఒక్కసారి ఇట్లా నడిచి రా. రెండు నిమిషాలు."

"రాను. ఏం చేస్తావు?" ఆమె గొంతు కీచుమంది. "బావంట బావి! ఇదో చూడు, చూడండమ్మా అందరూ!" అని కుడి కాలెత్తి నేల మీద దబ్బున కొట్టింది. మళ్లీ కొట్టింది. "గట్టిగా ఉండాదా లేదా?"

ఆ రెండు చప్పుళ్లు నాకు కాళ్లలోంచి వినిపించాయి. నేల మీద కొట్టినట్టు లేవు. ఖాళీ గాదె మూత మీద కొట్టినట్టు ఉన్నాయి. ఏమీ జరగలేదు. ఆడవాళ్లు ఇంకా నవ్వుతున్నారు. నేను నిచ్చెన దిగి, దాన్ని ఒక చేత్తో ఈడ్చుకుంటూ, గడ్డపారతో ముందు నేలను పొడుస్తూ ఆమె వైపు నడిచాను. ఆమెను చేయి పట్టుకుని లాక్కొచ్చేద్దామన్నదే నా బుర్రలో ఉన్నది. పొడిచిన చోటల్లా గడ్డపార బెత్తెడు దిగి ఆగింది. పొడిచాను, ఆగింది. పొడిచాను, ఆగింది. ఆమె ఇంకా పది పన్నెండు అడుగుల దూరంలో ఉంది. పొడిచాను.

ఆగలేదు. మూరెడు దిగి, నా వేళ్లలోంచి జారి, గడ్డపార మొత్తం పోయింది. నేలలో పిడికిలంత బెజ్జం. లోపలి నుంచి చల్లటి గాలి, మాగిన పెంట వాసన మొహానికి కొట్టింది. అప్పుడు కింద ఎక్కడో ఇనుము రాతికి తగిలిన చప్పుడు. చాలాసేపటికి వచ్చిందా చప్పుడు.

నవ్వులు ఆగిపోయాయి. మా ఆమె మొహం ఒక్కసారిగా తెల్లబోయింది. "ఏంది?" అంటూ ఒక అడుగు ముందుకు, నా వైపు, వేయబోయింది.

"రావద్దు! ఎనక్కి పో! ఎనక్కి!"

"రమ్మంటివి, పొమ్మంటివి..." ఆమె కాలు గాల్లోనే ఉంది. వెనక నుంచి గుంపులోని ముసిలామె రెండు చేతులూ ఆమె నడుముకు వేసి, మూట లాగినట్టు వెనక్కి లాగింది. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు.

ఇక నేను. బావి మా ఇద్దరి మధ్య ఉంది, దాని అంచు నా కాళ్ల ముందో, కాళ్ల కిందో నాకు తెలియదు. పుస్తకంలో చదివింది ఒకటి గుర్తొచ్చింది: బరువు ఒక గింజ నుంచి పక్క గింజకు గొలుసులా పోతుంది, ఒక్క చోట గుచ్చితే గొలుసు తెగుతుంది, పరిస్తే నిలుస్తుంది. నిచ్చెనను వెనక్కి పరిచి దాని మీద బోర్లా పడుకున్నాను. ప్రాకలేకపోయాను. చేతులు నిచ్చెన మెట్లకు అతుక్కుపోయాయి. నా వెనకే వచ్చిన ట్రాక్టరు డ్రైవరు నీళ్ల పైపు కొస విసిరి, "నిచ్చెన కాళ్లకు చుట్టన్నా, చుట్టు" అని తనే చెప్పి చెప్పి చుట్టించి, నిచ్చెనతో సహా నన్ను ఈడ్చాడు. నేను కళ్లు మూసుకునే ఉన్నాను.

ఒక బీడీ తాగేంత సేపు ఏమీ కాలేదు. సూపర్వైజరు పరుగెత్తుకొచ్చి, ఎవరు మీరు, ఎందుకొచ్చారు అని కన్నడంలో అడుగుతున్నాడు. అప్పుడు పోయింది. పెద్ద చప్పుడేమీ లేదు. బెజ్జం చుట్టూ తడి ఇసుక చేటంత కుంగింది, తరువాత బండి చక్రమంత, తరువాత లోపలికి ఊపిరి పీల్చినట్టు మొత్తం దిగిపోయింది. ఒక ప్యానెలు స్తంభం కాలు గాల్లో వేలాడింది. ఏడడుగుల గుండ్రటి నోరు, కత్తితో కోసినట్టు.

అవతలి అంచున తడి ఇసుకలో మా ఆమె కాలితో కొట్టిన గుర్తు అలాగే ఉంది. అంచుకూ దానికీ రెండు జానలు.

అప్పుడు నాకు అర్థమైంది, నేను ఏం చేశానో. మా నాయన గురుతు బావి మధ్యకు కాదు. చీకట్లో తోడటానికి వెళ్లే మనిషికి బావి మధ్య ఎందుకు? ఎక్కడ ఆగాలో చెప్పే గురుతు అది. బావికి అవతలి అంచున, మా ఇంటి వైపు, ఆయన కాళ్లు ఆగే చోటు. నేను దాన్నే బావి అనుకున్నాను. ఆమె నిలబడింది గట్టి నేల మీద. నేను పిలిచిన దారి బావి నడినెత్తి మీదుగా. నా మాట విని కర్ర పడేసి రెండడుగులు వేసి ఉంటే, ఆమె కాలు పడేది కమాను నడుమ.

లెక్క తప్పలేదు. బావి బోలుగానే ఉంది, కింది ఇసుక కొంత ముందే రాలి పైపొర పలచబడింది, మిగిలింది తడికే విడిచింది. చోటు తప్పింది. పుస్తకంలో లేని ఒక్క సంగతి, మా నాయన నోటి మాట, అదే నేను తప్పు చదివాను.

తరువాత సంగతులు చాలా ఉన్నాయి, అన్నీ రాయను. పార్కు వాళ్ల ఇంజినీరు ఒకాయన వచ్చి నా ప్రోగ్రాం చూపమన్నాడు. లైబ్రరీలో నా పక్కన కూర్చుని గంటసేపు చూశాడు. గింజలు దొర్లకుండా అడ్డుకునే పట్టు నేను కలపలేదన్నాడు, గోడ రాపిడి ఎక్కువ పెట్టానన్నాడు, రెండూ నిజమే. "ఇది ఇంకో పదేళ్లు నిలబడినా నిలబడేది గదా?" అని అడిగాడు. నిలబడేది సార్, అన్నాను. నేను ఆ మాట అన్నప్పుడు నాకు గుండు గుర్తొచ్చింది.

మా ఆమె మళ్లీ పనికి పోతోంది. ఇప్పుడు ఆ గుంపు కొత్త వరసలో అడుగు పెట్టే ముందు గడ్డపారతో పొడుచుకుంటూ పోతారు, అది ఆమె పెట్టిన నియమం. నీళ్లు పోసి మడుగు కట్టిందా లేదా చూస్తారు. నాకు మాత్రం గట్టి నేల అన్న నమ్మకం పోయింది. సంతలో నడుస్తూ ఆగిపోతాను. పొద్దున ఆమె సద్ది కట్టుకుని బయలుదేరితే వెనకే గుమ్మం దాకా వెళతాను. పోవద్దని నేను అనలేను. నేను రమ్మన్న చోటు ఏదో ఆమెకు తెలుసు.

బావి కుంగినాక ఆమె మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు గొర్రెలకు నీళ్లు పెడుతూ అడిగింది. "ఆ పొద్దు నువ్వు రమ్మన్నప్పుడు నేను వచ్చింటే?"

నేను కుడితి తొట్టి వైపు చూశాను.

"చెప్పప్పా. చదువుకున్నోడివి గదా."

"పోయేదానివి," అన్నాను.

ఆమె "సరే, అదన్నా నిజం చెప్పినావు," అని బిందె ఎత్తుకుని లోపలికి పోయింది.

సాయపడినవాళ్లను పేరు పేరునా తలుచుకోవాలని ఉంది గాని, పేర్లు రాయొద్దని వాళ్లే అన్నారు. అందుకని పేరు లేకుండానే దండం పెడుతున్నాను. బీరువా తాళం నా చేతికిచ్చి, కంప్యూటరు ముందు నన్ను గంటలు గంటలు కూర్చోనిచ్చిన లైబ్రరీ మేడంకు. ముఖం తెలియని ఆ రిటైరైన ఇంజినీరుకు. ఆయన పెన్సిలుతో అంచుల్లో రాసుకున్న మాటలు లేకపోతే నాకు సగం అర్థమయ్యేది కాదు. తన ఉద్యోగం సంగతి చూసుకోకుండా గేటు తీసిన బామ్మర్దికి. నా ప్రోగ్రాంలో తప్పులు మర్యాదగా చెప్పిన ఇంజినీరు సారుకు. నన్ను నిచ్చెనతో ఈడ్చి, ఆ తరువాత ఎవరికీ ఆ సంగతి ఎగతాళిగా చెప్పని ట్రాక్టరు డ్రైవరుకు. మా ఇంటామెకు, నా మాట విననందుకు. అందరికన్నా ఎక్కువగా గుంపులోని ముసిలామెకు. నేను రమ్మని ఒకసారి, పొమ్మని ఒకసారి అరుస్తుంటే అందరూ నా మొహం చూస్తూ నిలబడ్డారు. ఆమె ఒక్కతే ముందు పట్టుకుని లాగింది, ఎందుకని తరువాత అడిగింది.